శిక్ష పడ్డాక టీవీ వాళ్ళ దగ్గరికి వెళ్తే ఉపయోగం ఉంటుందా?

కృష్ణ ఒడ్డు:

ఊరు, పేర్లు రాయలేను, అర్థం చేసుకోండి. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న వరస, ఒక హత్య కేసులో సెషన్స్ కోర్టులో యావజ్జీవం పడి పద్నాలుగు నెలలైంది. అరెస్టు చేసిన మూడో రోజున ముఖానికి ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టారు, మర్నాడు పేపర్లో "కేసును ఛేదించిన పోలీసులు" అని వచ్చింది, ఒక లోకల్ చానల్ వాళ్ళయితే గ్రాఫిక్స్ పెట్టి మరీ చూపించారు, మావాడిలాంటి బొమ్మ ఒకటి కత్తి పట్టుకుని వీధిలో నడుస్తుంటుంది. ఆ వీడియో ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది. కింద కామెంట్లు చదివిన రోజు అన్నం సహించదు.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. పోలీసుల ముందు ఒప్పుకున్నాడు, కత్తి ఎక్కడ పారేశాడో చూపించాడు, ఆ సాయంత్రం చనిపోయినాయనతో కలిసి కనిపించాడు, ఇంతే కేసు. మావాడు చేయలేదని మేము నమ్ముతున్నాం, ఇంటివాళ్ళం కాబట్టి అలాగే అంటామని మీరు అనుకోవచ్చు, పర్లేదు.

ఇప్పుడు సమస్యేంటంటే మా బావ "టీవీ వల్ల పోయిన పరువు టీవీ వల్లే రావాలి, విజయవాడ హాస్టల్ కేసులో సత్యంబాబు అలాగే కదా బయటికొచ్చింది" అంటాడు. ప్లీడరు గారేమో అప్పీలు వేశాం, మీరు నోరు మూసుకుని ఉండండి అంటారు. ఒక చానల్ అతను అరగంట ప్రోగ్రాం చేస్తానన్నాడు, ఖర్చులకని కొంత అడిగాడు. పెద్దమ్మ ఎవరేం చెప్తే అటు మొగ్గుతోంది, రాత్రిళ్ళు నిద్ర లేదు ఆవిడకి. మీడియాకి వెళ్తే హైకోర్టులో పని అవుతుందా, చెడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకోటు:

ఇరవై ఏళ్లుగా క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేస్తున్నాను, ఫైలు చూడలేదు కాబట్టి మీ కేసు మీద అభిప్రాయం చెప్పను. అడిగినదానికి చెప్తాను.

ముందు మీ బావగారికి సత్యంబాబు కేసు సరిగ్గా చెప్పండి. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయి హత్య జరిగింది (ఆ అమ్మాయి పేరు అందరికీ తెలుసు, నేను మాత్రం రాయను, ఇలాంటి కేసుల్లో రాయకూడదని చట్టమే ఉంది). 2008 ఆగస్టులో సత్యంబాబుని పట్టుకున్నారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. ఉమ్మడి హైకోర్టు నిర్దోషి అని తీర్పు ఇచ్చింది ఎప్పుడు? 2017 మార్చి 31న. అంటే అప్పీలుకే ఆరున్నరేళ్లు, మొత్తం జైల్లో ఎనిమిదేళ్ల పైన. ఈ రాష్ట్రంలో అంతకంటే ఎక్కువగా టీవీలో నడిచిన కేసు ఇంకోటి చూపించండి. గులియన్ బారీ జబ్బుతో నిమ్స్‌లో చికిత్స తీసుకున్నవాడు, నడవడమే కష్టమైనవాడు ఈ పని ఎలా చేశాడని ప్రతి టీకొట్టు దగ్గరా అడిగారు. అంత ప్రచారం ఉండి కూడా ఆ అప్పీలు ఒక్క ఏడాది ముందుకి జరగలేదు.

బయటికి తెచ్చింది రికార్డు. పోలీసులు చూపించిన సాక్ష్యం నమ్మదగింది కాదని జడ్జీలు కాగితం కాగితం చదివి తేల్చారు, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమన్నారు, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమన్నారు. (లక్ష! ఎనిమిదేళ్లకి లెక్కేస్తే రోజుకి ముప్పై, ముప్పై ఐదు రూపాయలు పడుతుంది. మన దేశంలో తప్పుడు శిక్షకి పరిహారం ఇంత అని చెప్పే చట్టమే లేదు, లా కమిషన్ 2018లో 277వ నివేదికలో ఒకటి తెమ్మంది, తెచ్చినవాళ్ళు లేరు.)

మీ విషయానికొస్తే, అప్పీలు వేశాం అంటున్నారు, నంబరు ఉందా? నంబరు అంటే నా ఉద్దేశం క్రిమినల్ అప్పీల్ నంబరు, మీ ప్లీడరు గారి ఆఫీసు ఫైలు నంబరు కాదు. ఉంటే ఈకోర్ట్స్ సైటులో కనబడుతుంది. రిజిస్ట్రీ వాళ్ళు ఏదో అభ్యంతరం పెట్టి కాగితాలు రిటర్న్ చేస్తే, వాటిని సరిచేసి మళ్ళీ వేయకపోతే, మీరు అప్పీలు ఉందనుకుంటూ కూర్చుంటారు, అక్కడ ఏమీ ఉండదు. యూపీలో లలిత్‌పూర్ వైపు ఒకతను చేయని నేరానికి ఇరవై ఏళ్లు జైల్లో ఉన్నాడు, 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు వదిలేసింది. జైలు నుంచి అతను వేసుకున్న అప్పీలు లోపాలున్నాయన్న కారణంతో పదహారేళ్లు అలాగే పడి ఉందని ఆ తీర్పులోనే రాశారు. అతని గురించి మీరూ నేనూ పేపర్లో చదివింది బయటికొచ్చాకే.

ఇంకోటి. అప్పీలు నడుస్తుండగా శిక్ష నిలిపి బెయిలు అడగొచ్చు. మన దగ్గర బచ్చు రంగారావు కేసు అని 2016లో ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన ఆర్డరు ఒకటుంది, యావజ్జీవం పడి, అప్పీలు పెండింగులో ఉండి, శిక్ష తర్వాత ఐదేళ్లు జైల్లో గడిచినవాళ్ళకి కొన్ని మినహాయింపులతో బెయిలు పరిశీలించాలని. మీకు ఇంకా ఆ సమయం రాలేదు, అయినా మీ ప్లీడరు గారిని అడగండి, కేసులో బలం ఉంటే ముందే అడిగే వీలుంది.

టీవీలో చెప్పిన మాట రికార్డులోకి రాదు. హైకోర్టు అప్పీల్లో కింది కోర్టు కాగితాలే చూస్తుంది, కొత్త సాక్ష్యం తీసుకోవడానికి సెక్షన్ ఉందిగానీ (పాత సీఆర్పీసీలో 391, 2024 జులై నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 432) ఎప్పుడో అరుదుగా వాడతారు. డబ్బులడిగిన చానల్ గురించి నేను చెప్పేదేం లేదు, మీకే తెలుసు.

లీడ్స్ లక్ష్మి:

నల్లకోటు గారితో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. మేముండేది ఇంగ్లండ్‌లో, పద్దెనిమిదేళ్లయింది, ఇక్కడ పోస్టాఫీసు కేసు మొదటి నుంచి కాకపోయినా మధ్య నుంచి చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇక్కడ చిన్న పోస్టాఫీసులంటే కిరాణా కొట్టులాంటివి, సొంత డబ్బు పెట్టుకుని నడుపుతారు, మనవాళ్ళు అంటే ఇండియా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఆ కౌంటర్ల వెనక ఉంటారు. 1999 నుంచి హొరైజన్ అని ఒక కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు, ఫుజిట్సు వాళ్ళది. సాయంత్రం లెక్క కడితే వేలల్లో తక్కువ చూపించేది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "ఈ సమస్య మీ ఒక్కళ్ళకే వస్తోంది" అనేవాళ్ళు. అందరికీ అదే మాట. డబ్బు కట్టలేనివాళ్ళ మీద దొంగతనం, దొంగ లెక్కల కేసులు. కంప్యూటరు సరిగ్గానే పని చేస్తోందని కోర్టు ముందే అనుకుంటుంది, కాదని మనమే రుజువు చెయ్యాలి, ఇక్కడి రూలు అది! అలా 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. మన భారతీయ కుటుంబానికే చెందిన ఒకామెని 2010లో కడుపుతో ఉండగా జైలుకి పంపారు, ఆ రోజు వాళ్ళ పెద్దబ్బాయి పదో పుట్టినరోజు.

2009లో కంప్యూటర్ వీక్లీ అనే పత్రిక ఏడుగురి కథ వేసింది. పెద్ద పేపర్లు పట్టించుకోలేదు. కానీ ఆ వ్యాసం వల్ల జరిగిందేమిటంటే, "నేనొక్కదాన్నే" అనుకున్నవాళ్ళు ఒకరినొకరు వెతుక్కున్నారు. వేల్స్‌లో ఆలన్ బేట్స్ అనే ఆయన వాళ్ళని ఒక చోటికి చేర్చాడు, 555 మంది కలిసి పోస్టాఫీసు మీద దావా వేశారు, 2019 డిసెంబరులో ఆ కంప్యూటరే తప్పులతడక అని హైకోర్టు జడ్జి తేల్చారు. దాని మీద ఆధారపడి 2021 ఏప్రిల్లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు ఒకేసారి కొట్టేసింది. ఇదంతా కోర్టుల్లో, కాగితాల మీద జరిగిందే, నల్లకోటు గారన్నట్టే.

కానీ మిగిలినవాళ్ళు? చాలామంది మళ్ళీ కోర్టు గడప తొక్కడానికే భయపడ్డారు. కొందరు పోయారు కూడా. 2023 చివరికి ఓ తొంభై పైచిలుకు మందివి మాత్రమే కొట్టేశారు. 2024 జనవరి 1 నుంచి 4 దాకా ఐటీవీలో నాలుగు రాత్రులు ఒక సీరియల్ వేశారు దీని మీద. మా ఆఫీసులో ఎప్పుడూ వాతావరణం తప్ప ఇంకోటి మాట్లాడని మనుషులు కాఫీ మెషిన్ దగ్గర నిలబడి తిట్టుకున్నారు. జనవరి 10న ప్రధాని సునాక్ పార్లమెంటులో చట్టం తెస్తామన్నాడు, మే 24కి ఆ చట్టం వచ్చింది, వందల మంది శిక్షలు ఒక్క సంతకంతో పోయాయి. పదిహేనేళ్లు కదలనిది పది రోజుల్లో కదిలింది. అందరికీ తెలిసిన నిజమే, కొత్త సాక్ష్యం ఒక్కటీ లేదు, నాలుగు రాత్రులు జనం ఏడ్చారంతే. దీన్ని చూసి సంతోషపడాలో భయపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కృష్ణ ఒడ్డు గారూ, మీది ఒక్క మనిషి కేసు, ఇక్కడిది వందల మందిది. అందుకని నా మాట మీకు ఎంత పనికొస్తుందో తెలీదు. కానీ ఆ ఎస్సైనో సీఐనో చేసిన పాత కేసులు ఎన్ని కొట్టేశారో, రికవరీలన్నీ (ముద్దాయి చూపించగా దొరికాయనే వస్తువులు) ఒకే తీరుగా ఉన్నాయేమో ఎవరైనా చూశారా? నేనైతే అక్కడ మొదలుపెడతాను.

రచ్చబండ77:

నిప్పు లేందే పొగ రాదండీ. కోర్టు ఊరికే యావజ్జీవం వెయ్యదు కదా. ప్రతి ముద్దాయి ఇంటివాళ్ళూ ఇదే చెప్తారు.

నల్లకోటు:

@రచ్చబండ77 2014 మే 16న మీరేం చేశారో గుర్తుందా? ఎన్నికల ఫలితాలు, అందరం టీవీకి అతుక్కుని ఉన్నాం. అదే రోజు సుప్రీంకోర్టు అక్షరధామ్ కేసులో (గుజరాత్‌లో గుడి మీద ఉగ్రవాద దాడి) ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది, అందులో ముగ్గురికి కింద ఉరిశిక్ష. ఉగ్రవాద కేసులు చూసే పోటా కోర్టు వేసింది, హైకోర్టు ఖరారు చేసింది, రెండు కోర్టులూ ఊరికే వేసినట్టే లెక్క. ఆ తీర్పు ఆ రోజు ఏ చానల్లో ఎంతసేపు వచ్చిందో మీరే ఊహించుకోండి. పట్టుకున్నప్పుడు మాత్రం అందరూ చూశారు.

జోన్ పేజీ:

పన్నెండేళ్లు మండల విలేకరిగా చేసి, జీతం లేని పనికి దండం పెట్టి మానేసినవాణ్ణి. లోపల ఎలా జరుగుతుందో చెప్తాను, మీ బావగారికి చదివి వినిపించండి.

పోలీసు ప్రెస్‌నోట్ ఫోటోతో సహా గ్రూపులో వస్తుంది. సాయంత్రం ఆరున్నరకి పేజీ వెళ్ళాలి. అవతలి పక్క ఎవరున్నారు, వాళ్ళ ఇల్లెక్కడ, ప్లీడరెవరు, అవేవీ కనుక్కునే టైము ఉండదు, ఉన్నా కనుక్కోము. నేను "నిందితుడు" అని రాస్తే పైన హెడ్డింగులో "హంతకుడు" అయ్యేది. నేనూ రాశాను అలాంటివి, ఇప్పుడు కడుక్కోవడం లేదు. రెండు, మూడేళ్ల తర్వాత అదే మనిషి మీద కేసు కొట్టేస్తే అది వార్త కాదు, ఎందుకంటే దానికి ప్రెస్‌మీట్ ఉండదు. ఫోటో ఉండదు. మా బీట్‌లో కేసు కొట్టేసిన ఒకతను నా దగ్గరికొచ్చి "అప్పుడు వేశారుగా, ఇప్పుడు కూడా వెయ్యండి" అని అడిగితే సింగిల్ కాలమ్ వేయించడానికి మూడు రోజులు పట్టింది.

తల్వార్ దంపతుల కేసు చూడండి, 2008లో నోయిడాలో కూతురు చనిపోయినప్పటి నుంచి చానళ్ళు వాళ్ళని ఎన్ని రకాలుగా చీల్చాయో, 2013లో శిక్ష పడింది, 2017 అక్టోబరులో హైకోర్టు వదిలేసింది. అదే మీడియాలో కొందరు తర్వాత కూర్చుని ఫైలంతా చదివి కేసులో చిల్లులు చూపించారు కూడా. మీడియా అని ఒకటే ముద్దగా అనుకోవద్దు. తీర్పు మొత్తం చదివే విలేకరి ఒకడు, అరగంట ప్రోగ్రాంకి రేటు చెప్పేవాడు ఇంకొకడు. రెండోవాడు చేసేది వార్త కాదు ప్రకటన, జడ్జి గారు కాదు కదా మీ వీధివాళ్ళే నమ్మరు.

సత్యంబాబు విషయంలో నల్లకోటు గారు ఒకటి చెప్పలేదు. ఆ కేసుని ఎనిమిదేళ్లు బతికించింది చానళ్ళు కాదు, చనిపోయిన అమ్మాయి తల్లి. మా అమ్మాయిని చంపింది ఈ అబ్బాయి కాదు అని మొదటి నుంచీ ఆవిడే అంది. ముద్దాయి తల్లి ఏడిస్తే ఎవరూ వినరు, రచ్చబండ గారి లాగే అంటారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి వీడు కాదు అంటే ఇక ఏమంటారు? మైకు అందుకే అక్కడికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. దళిత సంఘాలు, హక్కుల సంఘాలు నిలబడగలిగింది కూడా ఆ మాట పక్కన ఉండబట్టే. సత్యంబాబు బయటికొచ్చాక కూడా ఆవిడ ఆగలేదు, మరి చంపిందెవరు అని అడుగుతూనే ఉంది. 2018లో మళ్ళీ దర్యాప్తు అంటే కింది కోర్టులో రికార్డులే ధ్వంసం చేశారని తేలింది, కేసు సీబీఐకి వెళ్ళింది, 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పోస్టుమార్టం చేశారు. పన్నెండేళ్ల తర్వాత! ఆ తల్లి ముందు కూర్చుని వార్త రాయాల్సి వస్తే ఏం రాస్తారు.

అందుకని మిమ్మల్ని ఒకటే అడుగుతాను. మీ కేసులో చనిపోయినాయన ఇంటివాళ్ళు ఏమంటున్నారు?

కృష్ణ ఒడ్డు:

అందరికీ థాంక్సండీ. రెండు రోజులు ఇక్కడికి రాలేకపోయాను, చెప్తాను ఎందుకో.

నల్లకోటు గారన్నట్టు సైటులో వెతికితే నంబరు దొరకలేదు. ప్లీడరు గారి గుమాస్తాని పట్టుకుంటే అప్పుడు చెప్పాడు, జడ్జిమెంటు కాపీలో ఏదో పేజీ సరిగ్గా లేదని రిటర్న్ వచ్చిందట, ఎనిమిది నెలలైంది, "ఇవాళో రేపో వేస్తాం" అన్నాడు. పెద్దమ్మకి చెప్పలేదు. నేను ఆ గుమాస్తా కుర్చీ పక్కనే బల్ల మీద కూర్చున్నాను సాయంత్రం దాకా.

జోన్ పేజీ గారు అడిగినది నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. నిజానికి ఆయన భార్య, కేసు నడుస్తున్నప్పుడు ఒకసారి కోర్టు వరండాలో పెద్దమ్మ దగ్గరికి వచ్చి "నిజంగా మీవాడేనా వదినా?" అని అడిగింది. పెద్దమ్మ ఏమీ అనలేక ఏడ్చేసింది. తర్వాత ఎప్పుడూ కలవలేదు. ఆవిడకి మావాడి మీద నమ్మకమో అనుమానమో మాకు తెలీదు. మా బావకి ఈ విషయం చెప్తే వెంటనే "అయితే ఆవిడనే కెమెరా ముందుకి తీసుకొద్దాం" అన్నాడు.

జోన్ పేజీ:

వద్దు. దయచేసి వద్దు. ఆవిడ అడిగిన మాట ఆవిడది, దాన్ని మీరు వాడుకుంటే సాక్షిని కొన్నారని రేపు పేపర్లో అదే వస్తుంది. ఆవిడంతట ఆవిడ ఎవరితోనైనా చెప్పాలనుకుంటే చెప్తుంది. మీరు చెయ్యాల్సింది ఏంటంటే రెండు పేజీల్లో తేదీలు రాసుకోండి, ఏ రోజు తీసుకెళ్ళారు, ఏ రోజు అరెస్టు చూపించారు, ఏ రోజు కత్తి దొరికిందన్నారు, విశేషణాలు లేకుండా. ఇంకెవరి మీదా అనుమానం రాయొద్దు, పరువునష్టం కేసు మీ మీద పడుతుంది. అప్పీలు నంబరు పడ్డాక ఆ రెండు పేజీలూ, తీర్పు కాపీ పట్టుకుని చదివే విలేకరిని వెతుకుదాం, నాకు ఇద్దరు తెలుసు. చదివి ఏమీ లేదంటే ఏమీ లేదనే చెప్తారు, దానికి సిద్ధపడండి.

యూట్యూబ్ వీడియో మాత్రం నన్ను చూడనివ్వండి, ఆ చానల్ పేరు నాకు విడిగా పంపండి.

లీడ్స్ లక్ష్మి:

ఎనిమిది నెలలా! నాకు చదువుతుంటే చేతులు వణికాయి. ఆ బల్ల మీద కూర్చున్నారు చూడండి, అది మంచి పని. రోజూ కూర్చోండి.

నల్లకోటు:

అరవై రోజుల గడువు దాటితే ఆలస్యానికి క్షమాపణ పిటిషన్ వెయ్యాల్సి ఉంటుంది, మీది ముందే వేసి రిటర్న్ అయింది కాబట్టి తిరిగి వెయ్యడంలో జరిగిన జాప్యం కిందకి వస్తుంది, లైఫ్ కేసుల్లో కోర్టులు దీని మీద పట్టుపట్టవు, భయపడొద్దు. ప్లీడరు గారితో గొడవ పడకండి, ముందు వేయించండి, తర్వాత మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు. ఫీజు భారమైతే హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉంది, జైలు నుంచి మీ అన్న ఒక కాగితం రాసిస్తే సూపరింటెండెంటే పంపుతారు, పైసా కట్టక్కర్లేదు. అక్కడ కూడా కొందరు బాగా చదివి వాదించేవాళ్ళున్నారు.

కత్తి రికవరీకి మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా, ఎవరున్నారు? వీఆర్వోనా?

కృష్ణ ఒడ్డు:

అవునండీ, వీఆర్వో ఒకరు, ఇంకొకాయన. జడ్జిమెంటులో వీఆర్వో పంచనామా గురించి ఒక పేరా ఉంది, టైపు చేసి పెట్టనా?

నల్లకోటు:

జడ్జిమెంటులో పేరా కాదు. వీఆర్వో సాక్ష్యం మొత్తం, అందులో మన ప్లీడరు చేసిన క్రాస్ ఎగ్జామినేషన్ ఎక్కడ మొదలవుతుందో అక్కడి నుంచి. ఇక్కడ పెట్టొద్దు, పేర్లుంటాయి. ఆ రోజు ఆఫీసుకి ఎన్నింటికి వచ్చాడో, స్టేషన్‌కి ఎన్నింటికి పిలిచారో, ఆ రెండు టైములు మాత్రం నాకు విడిగా పంపండి.